కాలేషా గొంతు

“రేపటి నుంచి కొత్త మౌజన్ అజాన్ ఇస్తాడు. ఇక నువ్వు విశ్రాంతి తీసుకో కాలేషా.”

ముతవల్లి ఇనాయతుల్లా ఈ మాట వీలైనంత మెత్తగానే అన్నాడు. మసీదు బాగోగులు చూడటానికి ఆయన నెల్లూరు నుంచి జువ్వలదిన్నెకు వచ్చి నెల కూడా కాలేదు. వచ్చినప్పటి నుంచీ ఆయన బెంగ ఒక్కటే. జనాన్ని నమాజుకు పిలవాల్సిన కాలేషా గొంతు దగ్గుతో బొంగురుపోయి, మైకులో గరగరమంటోంది.

“మంచిది సాబ్,” అన్నాడు ముసలి కాలేషా. మసీదు పక్క గది ఖాళీ చేస్తే ఆయనకు తల దాచుకునే చోటు లేదు. ఆ సంగతి తెలిసే ఇనాయతుల్లా ముఖం తిప్పుకున్నాడు.

అప్పుడే వాకిట్లో చేపల గంప దించింది కామమ్మ. నోటికంటే ముందు చేతులు మాట్లాడే మనిషి.

“ఏంది సాయిబూ, మా అన్నను మాన్పిస్తా ఉండావంట?”

“గొంతు పోయిందమ్మా. ఎవరికి వినబడుతుంది?”

“ఎవరికా? మా ఇంటాయనకి! చెవికాడ డప్పు కొట్టినా లెగడు. ఈ అన్న పిలిస్తేనే లేచి వేటకి పోయేది. కొత్తాయనొస్తే మా పొయ్యిలో పిల్లి లేచేదెట్టా?”

“కామమ్మా, అది కాదు...” కాలేషా ఏదో చెప్పబోయాడు.

“నువ్వు మాట్లాడబాకన్నా!”

కాలేషా కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. ఎంత మొహమాటస్తుడు, పొగిడితే కూడా తట్టుకోలేడు అనుకున్నాడు ఇనాయతుల్లా. ఆయనకు సిగ్గేసింది. తానేమో రాగం బాగాలేదని గునుస్తున్నాడు. ఇక్కడ వేరే మతం మనిషి ఆ పిలుపుతోనే లేచి ఇల్లు నడుపుకుంటున్నాడు. పిలుపన్నాక అంతకన్నా ఏం కావాలి?

“సరేనమ్మా. కాలేషానే ఉంటాడు.”

మర్నాడు తెల్లవారుజామున ఆ బొంగురు గొంతే ఊరిని లేపింది. ఎన్నడూ లేనిది, ఇనాయతుల్లాకు అది తియ్యగా వినబడింది. నమాజు కాగానే కామమ్మ మొగుణ్ణి కలవాలనిపించి రేవుకు నడిచాడు. పడవల దగ్గర పెంచల్ అనే జాలరిని అడిగితే, వల సర్దుకుంటున్న ముత్యాలయ్యను చూపించాడు.

“ముత్యాలయ్యా! నీ పుణ్యాన మా కాలేషా నిలబడ్డాడయ్యా!”

ముత్యాలయ్య తలెత్తలేదు. ఇనాయతుల్లా ఇంకా గట్టిగా పిలిచాడు.

పెంచల్ నవ్వాడు.

“మా మావకి పుట్టుచెవుడు సాయిబూ.”