గాలి కరెంటు

పర్చూరు మిరప కల్లంలో సైన్సు మాస్టారు అనంతపద్మనాభం రెండు వెదురుగడల మధ్య రాగితీగ కట్టి, దాని కొసనున్న తీగచుట్టకు ఓ ఇయర్‌ఫోను తగిలించి, గాలిలోని రేడియో తరంగాలతోనే చిన్న బల్బు వెలుగుతోందని చూపించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. తీగచుట్ట అడుగున అతను దాచిన టార్చిలైటు సెల్లు సంగతి ఎవరికీ తెలియదు.

తెల్లారితే ఎవరైనా విప్పి చూస్తారేమోనని, రేడియో స్టేషను మూసేశాక దొంగలా కల్లంలోకి వచ్చాడు. కాయలకు కాపలా పడుకున్న హనుమాయమ్మ లేచి కూర్చుంది.

"మీ దీపం ఉంది గదా అని లాంతరు తెచ్చుకోలేదండీ మాస్టారూ. పాములు తిరిగే చోటు గదా!"

అతను తలెత్తలేకపోయాడు. నిజం చెప్పేద్దామని సెల్లు ఊడబీకాడు. బల్బు ఆరలేదు. రాగితీగ కూడా తెంపేశాడు. అయినా ఆరలేదు.

"ఎంత చదువండీ మీది!" అంటూ హనుమాయమ్మ దణ్ణం పెట్టింది.

"కాదమ్మా, నేను..." అంటూనే సెల్లును పిడికిట్లో దాచుకున్నాడు. ఏ స్టేషనూ పలకని వేళ ఇది దేనితో వెలుగుతోందోనని, తీగచుట్టకు వేలాడుతున్న ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకున్నాడు.

కల్లమంతా నిశ్శబ్దంగా ఉంది. చెవిలో మాత్రం సాయంత్రం కొట్టిన చప్పట్లు ఇంకా ఆగలేదు.