మూడో పిలుపు

“జూనియర్‌ని పంపించు. నాలుగు మాటలు చెప్పి వాయిదా అడిగితే సరిపోతుంది,” అని వకీలు ఫోన్ పెట్టేశారు. పొరుగూరి నుంచి వస్తుంటే ఆయన కారు నడిదారిలో ఆగిపోయింది.

పెద్ద గుమాస్తా సరేనన్నాడు. అనకూడని మాట అది. భార్యకు నొప్పులు మొదలయ్యాయని జూనియర్ వచ్చి నిలబడితే, నిన్న సాయంత్రం తనే సెలవిచ్చి పంపేశాడు. వకీలుకు చెప్పలేదు. ఎవరు ఏ ఫైలుతో ఏ హాలుకు పోవాలో, ఎవరు ఇంటికి పోవాలో తేల్చేది ఇరవై ఆరేళ్లుగా అతనే. వకీలు ఆ లెక్కలు అడగరు, అతను చెప్పడు.

కుట్టుమిషన్ల ఆమెది ఏడో నంబరు కేసు. కొట్టు ఖాళీ చేయించకుండా ఆమెకిచ్చిన స్టే ఇవాళ్టితో ఆఖరు. కేసు పిలిచినప్పుడు వకీలు లేచి పొడిగించమంటే నిలుస్తుంది, ఎవరూ పలక్కపోతే పోతుంది. అప్పుడే కొట్టు యజమాని తాళం పగలగొట్టడానికి వడ్రంగిని తెచ్చి కోర్టు గేటు దగ్గర నిలబెట్టాడట. ఆమే వచ్చి చెప్పింది. లోపల మిషన్లు నాలుగు, జనం ఇచ్చిన బట్టలు రెండు మూటలు ఉన్నాయంది. “మీరున్నారుగా అన్నయ్యా,” అని వెళ్లి కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆ మాట చొక్కాలో దూరిన చీమలా అతన్ని కూర్చోనివ్వలేదు, నిలబడనివ్వలేదు.

బదులుగా లేచి నిలబడే వకీలు ఎవరైనా దొరుకుతారేమోనని రోడ్డు దాటి కోర్టుకు పరిగెత్తాడు. మొదటి వకీలు తన కేసే నడుస్తోందని చెయ్యి విదిలించాడు. రెండో ఆయనకు వీళ్ల వకీలుతో రెండేళ్లుగా మాటల్లేవు. మూడో ఆయన ఫైలు తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఈ లోకంలోకి వచ్చేసరికి కొట్టుకు కొత్త తాళం పడుతుందనిపించి, ఫైలు లాక్కున్నంత పని చేసి తిరిగొచ్చాడు. అప్పటికి మూడో నంబరు నడుస్తోంది.

ఆఫీసులో టైపిస్టు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉంది. ఎవరూ దొరకలేదంది. అతను బల్ల మీది కాగితాలు ఇటు సర్ది అటు సర్దాడు. నీళ్లు గ్లాసులో పోసుకుని తాగడం మరిచిపోయాడు.

“సార్ కోర్టులో ఏం మాట్లాడాలో చీటీ రాసిచ్చేది మీరేగా బాబాయ్,” అంది టైపిస్టు, ఫోను మీటల మీంచి తలెత్తకుండా. “ఆ చీటీ మీరే చదివేస్తే పోలా.”

ఆ పిల్ల నవ్వులాటకే అంది. అతను మాత్రం గోడ మేకుకు వేలాడుతున్న జూనియర్ నల్లకోటు వంక చూశాడు. తరువాత టైపిస్టు వంక చూశాడు. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

కోర్టు వెనక నీళ్ల తొట్టి దగ్గర కోటు తొడుక్కుంటే దాని చేతులు వేళ్లదాకా వచ్చాయి. మెడకు వకీళ్ల తెల్లపట్టీ కట్టుకోబోతే ముడి పడలేదు. వకీలుకు వేలసార్లు కట్టిన చేతులే అవి. పట్టుబడితే ఉద్యోగం సరే, జైలు కూడా. జడ్జి సోమవారమే కొత్తగా వచ్చారు, ముఖాలు తెలియవు. బంట్రోతు గుర్తుపట్టినా పాత స్నేహితుడు, బయటపెట్టడు. అదే ధైర్యం.

బంట్రోతు ఏడో నంబరు పిలిచాడు. రెండోసారి పిలిచాడు. వరండాలో ఆమె బల్ల మీంచి లేచి నాలుగు వైపులా వెతుక్కుంటోంది. మూడో పిలుపు సగంలో ఉండగా అతను హాల్లోకి నడిచాడు.

అవతలి పక్క వకీలు అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. కొట్టు యజమాని పొరుగూరి నుంచి కొత్తగా పెట్టుకున్న మనిషి కాబోలు. సన్నగా, కదలకుండా, కళ్లు నేలకేసి ఉన్నాడు. ఇలాంటివాళ్లే కొంప ముంచుతారనుకున్నాడు గుమాస్తా. ఫైలు ముడి లాగి తెరిచి, మా సీనియర్ దారిలో ఉన్నారని, వారం రోజులు వాయిదా ఇచ్చి అప్పటిదాకా స్టే పొడిగించమని, చీటీలో తను ఎన్నోసార్లు రాసిన మాటలే చెప్పాడు. గొంతు ఎవరిదోలా వినిపించింది.

జడ్జి అవతలివైపు తిరిగారు.

“అభ్యంతరం లేదు,” అన్నాడు ఆ వకీలు.

వెనక వరసలో యజమాని నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. జడ్జి స్టే వారం పొడిగించి ఎనిమిదో నంబరు పిలవమన్నారు. అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

వరండాలో ఆమె చేతులు జోడించబోతే ఆగకుండా దాటిపోయాడు. ఎవరూ చూడనిచోట కోటు విప్పితే చాలు. రికార్డు గది మలుపు తిరిగాడు. వెనక అడుగులు వినిపించాయి. వేగం పెంచాడు, ఆ అడుగులూ వేగం పెంచాయి. గది వెనక దారి లేదు, గోడ ఉంది. తిరిగి చూస్తే అవతలి వకీలు.

“ఇందాక ఫైలు ముడి ఒక్క లాగుకి విప్పారు,” అన్నాడు ఆయన, రొప్పుతూ. “వకీళ్లకు ఆ ముడి విప్పడం చేతకాదండీ. గుమాస్తాలకే వస్తుంది.”

పెద్ద గుమాస్తాకు ఆలుబిడ్డలు కళ్లముందు మెదిలారు. కాళ్లమీద పడదామని వంగబోయాడు.

ఆయన గబుక్కున భుజాలు పట్టి ఆపి, అటూ ఇటూ చూసి, తన మెడలోని తెల్లపట్టీ పీకి జేబులో కుక్కుకున్నాడు.

“మా సారు కూడా రాలేదన్నా.”