ఓడలో వచ్చిన దుంప

వాగొడ్డున ముళ్లయ్య అనే ముసలి ఏదుపంది ఉండేవాడు. ఏది తినొచ్చో ఏది తినకూడదో అడవిలో అందరూ ఆయన్నే అడిగేవారు. ఒక ఏడు ఆ ఒడ్డున చిలగడదుంప తీగ పాకింది. సముద్రం అవతలి నేల నుంచి ఓడలో వచ్చిన దుంప అది. ముళ్లయ్య దాన్ని అంతకుముందు చూసి ఎరగడు. ఆ మాట చెప్పడానికి నామోషీ అనిపించి, "అది విషం, ముట్టుకోకండి" అన్నాడు.

మరుసటేడు వానలు లేవు. అడవిలో గడ్డలన్నీ ఎండిపోయాయి, ఆ తీగ ఒక్కటే పచ్చగా ఉంది. ఒక సాయంత్రం ముళ్లయ్య ఆకలికి తాళలేక, చస్తే చస్తాననుకుని, దాని మొదట్లో తవ్వి ఒక దుంపను కొరికాడు. తియ్యగా ఉంది. రెండోది నోట పెట్టుకున్నప్పుడు వెనక అలికిడైంది. పందికొక్కు తల్లి నిలబడి చూస్తోంది.

"విషమన్నారు కదా పెద్దయ్యా," అందామె మెల్లగా. "మొన్న పోయిన నా చంటిది చివరిదాకా ఈ దుంపే అడిగింది. మీరు వద్దన్నారని పెట్టలేదు."

ముళ్లయ్య తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు. గోళ్లు అరిగేదాకా తవ్వి, దుంపలన్నీ ఆమె మిగతా పిల్లల ముందు పోశాడు.

ఆ తర్వాత ఎవరేమడిగినా ఆయన, "నాకు తెలీదమ్మా, ముందు నేను తిని చూస్తాను" అనేవాడు.