చంద్రకాంతమ్మ చెప్పని పేరు

"ఆ పిల్ల పేరు చెప్పు టీచరమ్మా. మిగతాది మేము చూసుకుంటాము," అన్నాడు గోవిందయ్య.

హెడ్మాస్టరు బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంది. అందులో ఉన్నవి గర్భం రాకుండా వేసుకునే మాత్రలు. ఊరి ఆడవాళ్ళకు పంచమని నర్సు తెచ్చి, సైన్సు టీచరు చంద్రకాంతమ్మకు ఇచ్చిపోయింది. సైన్సు గది బీరువాలో కప్పల సీసాల వెనక దాచిన ఆ పెట్టె పొద్దున హెడ్మాస్టరు పరంధామయ్య కంటబడింది. ఆయన హడలిపోయి బడి కమిటీ ప్రెసిడెంటు గోవిందయ్యకు కబురు పెట్టాడు. ఎమర్జెన్సీ పోయి రెండేళ్ళయినా, వడమాలపేట పల్లెల్లో ఆపరేషన్ల భయం ఇంకా పోలేదు. కుటుంబ నియంత్రణ అన్న మాట బడిలో వినబడితే చాలు, జనం పిల్లల్ని మాన్పించేస్తారు.

చంద్రకాంతమ్మ ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఊరి ఆడవాళ్ళ కోసమే, బడిలో ఎవరికీ కాదని చెబితే ఎవరూ రెండో మాట అడిగేవాళ్ళు కాదు. కానీ ఆ తల్లికి అబద్ధం చేతకాదు. మన బడి పిల్లే వచ్చి అడిగింది, నర్సుతో మాట్లాడి ఇద్దామనుకున్నాను అనేసింది.

"బడిపిల్ల అడిగిందా?" అన్నాడు పరంధామయ్య.

"పెద్దపిల్లే సార్. పరీక్ష రాయాలని ఉండాది టీచర్, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు, చచ్చిపోతానేమోనని భయంగా ఉండాది అని ఏడ్చింది. కాదనలేకపోయినాను."

గోవిందయ్య కోపిష్టి కాడు, చెడ్డవాడు అసలే కాడు. ఆడపిల్లల కోసం తన డబ్బుతో రెండు గదులు కట్టించినవాడు. పెద్దకూతురి బిడ్డ మునిలక్ష్మిని తన ఇంట్లోనే పెట్టుకుని ఈ బడికే పంపుతున్నాడు. ఎనిమిదితో మాన్పించి తప్పు చేశానని తెలుసుకుని మళ్ళీ చేర్పించాడు. పద్దెనిమిదేళ్ళు నిండి పదో తరగతి. లంగా ఓణీల మధ్య చీర కట్టుకుని వెనక బెంచీలో కూర్చునేది ఆమె ఒక్కతే. నిరుడు పరీక్షల ముందు జబ్బు చేసి తిరుపతి ఆస్పత్రిలో పడింది గానీ, లేకుంటే అప్పుడే పాసయ్యేదని ఆయన అందరికీ చెప్పుకుంటాడు.

"సూడు టీచరమ్మా," అన్నాడు మెత్తగా. "బడిలో ఈ మాత్రలు ఇస్తారని తెలిస్తే రేపు ఎవురు ఆడబిడ్డను పంపిస్తారు? నేనైతే పంపను. అంత అవసరమైతే ఆ పిల్ల నర్సు కాడికే పోయుండొచ్చు గదా?"

"నర్సుగారి గది మీ ఇంటి వరండాలోనే కదండీ. అక్కడికి రావడానికి భయపడింది."

"భయపడాల్సిందే. తప్పు చేసినోళ్ళకు భయం ఉండాల."

మాత్రలు దాచిపెడితే భయం పోదనీ, అడిగిన పిల్లను తరిమేస్తే బడి ఉండి ఏం లాభమనీ చంద్రకాంతమ్మ వాదించింది.

వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. గోవిందయ్య చిన్నకొడుకు ఏకాంబరం లోపలికి వచ్చాడు. రోజూ మునిలక్ష్మిని బడిలో దింపేదీ, సాయంత్రం తీసుకుపోయేదీ అతనే. సంగతి విని అతని ముఖం ఎర్రబడింది.

"ఎవురో ఆ నాకొడుకు పేరు చెప్పండి టీచర్. కాళ్ళు ఇరగ్గొడతాను. మా ఇంటి పిల్ల కూడా ఈడే సదువుతా ఉండాది."

"అది మాట," అన్నాడు గోవిందయ్య. "వాడు ఎవుడైనా సరే, ఇడిసిపెట్టేది లేదు."

చంద్రకాంతమ్మ తల వంచుకుంది. ఒక్క మాట చెబితే ఈ నోళ్ళన్నీ మూతబడతాయని ఆమెకు తెలుసు. ఆ మాట చెబితే పేరు చెప్పినట్టే. పేరు తెలిసిన మరునాడు ఆ పిల్ల బడికి రాదు. ఏ దారిన పోయినా నష్టపోయేది ఆ పిల్లే అయింది. తన చేతకానితనం మీద ఆమెకు అసహ్యం వేసింది.

"పేరు చెప్పకుంటే మానె," అని లేచాడు గోవిందయ్య. "ఈ పెట్టె మాత్రం ఇంక ఈ బడి గడప తొక్కకూడదు. సీలు ఏసి ఇయ్యండి సారూ, మావాడు నర్సు చేతికి ఇచ్చేస్తాడు."

పరంధామయ్య పెట్టెకు పురికొస చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. తన మీది నుంచి బరువు దిగినట్టు చెమట తుడుచుకున్నాడు.

బడి వదిలారు. పుస్తకాలు గుండెకు హత్తుకుని మునిలక్ష్మి మోటారు సైకిలు దగ్గర నిలబడి ఉంది. ఏకాంబరం బండి ఎక్కి, పెట్టెను ఆమె ఒళ్ళో పెట్టుకోమన్నాడు. ఆమె వెనక ఒక పక్కకు కూర్చుని దాన్ని పట్టుకుంది. అందులో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పే పని కూడా లేదు, బీరువాలో ఆ పెట్టె చూసి అడిగింది ఆమే కదా.

మునిలక్ష్మి లక్క ముద్రను ఒకసారి వేలితో తడిమి, తలెత్తి చంద్రకాంతమ్మ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేది అనిపించింది టీచరుకు. అడుగు ముందుకు వేయబోయి ఆగిపోయింది.

బండి కదిలింది. గోవిందయ్య కొడుకును ఆప్యాయంగా కేకేశాడు.

"మెల్లిగా పోరా, ఎనక నీ పెండ్లాం ఉండాది."