నలభై ఒక్క ప్రశ్నలు

మంచం పట్టినవాళ్ళకి సేవలు చేసేవాళ్ళంతా ఒకచోట చేరి కష్టసుఖాలు చెప్పుకోవాలని, ఒక టీచరు ఆన్‌లైన్‌లో చర్చావేదిక తయారుచేసింది.

ఆరేళ్ళు తల్లికి ఒంటిచేత్తో చాకిరీ చేసిన మనిషి. అడగడానికి ఎవరూ లేకపోవడమంటే ఏమిటో ఆమెకి తెలుసు.

కంప్యూటరు పనంతా తమ్ముడు చూసుకున్నాడు.

అందరికీ తెరిచేముందు, వాడిచూసి లోటుపాట్లు చెప్పమని ఇరవై మందిని పిలిచారు. అందులో ఒకాయన తన పేరు 'నత్త' అని పెట్టుకున్నాడు.

అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఒకరు, ఫొటోలు ఎక్కడం లేదని ఒకరు చెప్పారు. నత్త మాత్రం అవేమీ పట్టించుకోలేదు. ఆయనవన్నీ ప్రశ్నలే. మింగలేని మనిషికి తిండి ఎంత మెత్తగా చేయాలి? నడుం పట్టేయకుండా పక్క ఎలా మార్చాలి? మాట పోయినవాళ్ళకి దాహం వేస్తే తెలిసేదెలా?

"మీ ఇంట్లో ఎవరికండీ?" అని టీచరు ఒకసారి అడిగింది.

"ఇంట్లో మనిషికేనండీ," అని రెండు గంటల తర్వాత జవాబొచ్చింది.

రాతంతా తప్పులే. ఒత్తులుండవు, దీర్ఘాలుండవు. టీచరుకి ఒళ్ళు మండేది. కాస్త చూసుకుని రాయమని రెండుసార్లు చెప్పింది. ఆయన క్షమించమన్నాడు, మళ్ళీ అలాగే రాశాడు.

అయినా మిగతావాళ్ళు విసుక్కోకుండా జవాబులిచ్చారు. తల్లికి వీపు పుళ్ళు పడకుండా తను చేసినవన్నీ టీచరు కూడా పూసగుచ్చినట్టు రాసింది.

ప్రారంభానికి ముందురోజు, పాత రాతలన్నీ తీసేసి శుభ్రం చేయడానికి కూర్చుంది.

"నత్తగారివి ఉంచుదామక్కా. చెరిపితే మళ్ళీ రావు," అన్నాడు తమ్ముడు.

"కొత్తింటికి చుట్టాల్ని పిలిచి సున్నం మరకలు చూపిస్తామా? ఆ తప్పులు చూస్తే మొదటిరోజే జనం వెనక్కి పోతారు."

చెప్పకుండా తీసేయడం బాగుండదని నత్తకి కబురు పెట్టింది, తెరిచాక మళ్ళీ అడగమని.

"తెరిచాక నాకు కుదరదేమోనండీ. వీలైతే ఉంచండి," అని రాశాడాయన.

కుదరనివాడికి ఇన్ని ప్రశ్నలెందుకో అనుకుంటూ, నలభై ఒక్కటీ జవాబులతో సహా చెరిపేసింది.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి వేదిక తెరిచారు. కాసేపటికే ఒకావిడ రాసింది.

"నమస్కారమండీ. మీ దగ్గర నత్త అనే పేరుతో రాసింది మావారే. నాకు ఏ అవసరమొచ్చినా ఇక్కడ చూసుకోమన్నారు, అన్నీ అడిగిపెట్టానన్నారు. ఇందాకట్నుంచి వెతుకుతున్నాను, ఒక్కటీ కనబడట్లేదు."

టీచరు తమ్ముడి వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

పొరపాటు తనదేననీ, ఆయన్నే మరొక్కసారి రాయమంటే అన్నిటికీ తనే దగ్గరుండి జవాబులు చెప్పిస్తాననీ రాసింది.

ఆవిడ మాట వెంటనే వచ్చింది.

"ఆయనకి ఆడేది ఒక్క వేలేనండీ, నిన్న సాయంత్రం అదీ ఆగిపోయింది. తెల్లారేసరికి మాట కూడా పోయింది. ఆ మంచం మీది మనిషి ఆయనేనండీ."