వాసన ఎన్నాళ్లుంటుంది?

సైన్సు మాస్టారు ప్రశ్నల డబ్బా మూత తీయగానే తరగతంతా చెవులు రిక్కించింది.

పిల్లలు పేరు రాయకుండా అందులో చీటీలు వేస్తారు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌లో ఆయన జవాబులు చెప్పి, వాటినే చీటీల వెనక రాసి మళ్లీ డబ్బాలో వేస్తాడు. అడిగినవాళ్లు గుట్టుగా తీసుకుంటారు. రోజూ సాయంత్రం డబ్బాను ఇంటికి పట్టుకుపోతాడు. బడిలో వదిలితే ఈ కోతిమూక అందులో మిడతల్ని పెంచుతుంది మరి.

ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లెందుకు? ఆవలింత పక్కవాళ్లకెలా అంటుకుంటుంది? చకచకా చెప్పేశాడు. ఇరవై ఏళ్లుగా తరగతిలో ఒక్క తప్పు జవాబు చెప్పి ఎరగడు.

తర్వాతి చీటీ చూడగానే ఆయన గొంతు తగ్గింది.

"విడిచిన బట్టల్లో మనిషి వాసన ఎన్నాళ్లుంటుంది?"

"ఉతికేదాకా సార్!" అంది వెనక బెంచీ. గది గొల్లుమంది.

మాస్టారు నవ్వలేదు. "వాసనంటే కంటికి కనపడని రేణువులర్రా. గాలిలో కలిసిపోతుంటాయి. గాలి తగలకుండా మూటకట్టి ఉంచితే కొన్నాళ్లు నిలుస్తాయి."

మరుసటి శుక్రవారం అదే రాత.

"మూటకట్టే ఉంచాను. రోజుకొక్కసారి విప్పి ముఖానికి ఆనించుకుంటున్నాను. తగ్గిపోతోంది. ఏం చెయ్యాలి?"

మొదటి బెంచీ అమ్మాయి కళ్లు తుడుచుకుంది.

"పాపం, మనలో ఎవరికో ఎవరో పోయినట్టున్నారు సార్. నోటుబుక్కుల్లో రాత పోల్చి చూద్దామా?"

"వద్దమ్మా. నోటితో చెప్పుకోలేకే కదా చీటీ రాసింది."

బెల్లు మోగింది. పిల్లలు బిలబిలమంటూ వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే కూర్చుండిపోయాడు.

సైన్సు ప్రకారం జవాబు ఒక్కటే. విప్పిన ప్రతిసారీ కొంత పోతుంది, ఇక విప్పకూడదు. ఆ మూట తప్ప ఇంకేమీ మిగలని మనిషికి దాన్ని ముట్టుకోవద్దని ఏ ముఖం పెట్టుకుని చెప్పడం? పెన్ను తీసి, మూసి, మళ్లీ తీసి, చివరికి రాశాడు.

"తగ్గింది వాసన కాదు. రోజూ పీల్చే వాసనకు ముక్కు అలవాటుపడి పసిగట్టదు, అంతే. అది ఎక్కడికీ పోదు. చూడాలనిపించినప్పుడల్లా విప్పుకో."

అందులో సగం అబద్ధం. తెలిసే రాశాడు.

మామూలు జ్వరమే, దానంతటదే తగ్గుతుందని తను సైన్సు చెప్పి ఆస్పత్రికి కదలనివ్వక పాపను పోగొట్టుకున్న రోజు నుంచి తనతో పెదవి విప్పని భార్యకు కనబడేలా, ఇంటికి రాగానే ఆ డబ్బాను వంటగది గట్టు మీద పెట్టాడు.