తీతువుకు అనుమతి

చెరువు గట్టున గులకరాళ్ల మధ్య తీతువు మూడు గుడ్లు పొదుగుతోంది. నక్క జాడ కనబడితే చాలు, గొంతు చించుకుని అరిచేది. దాంతో బాతులకు నిద్ర చెడేది.

"దీని నోరే అపశకునం. ఇది అరిచినప్పుడల్లా నక్క వస్తోంది" అని బాతులు నెమలికి ఫిర్యాదు చేశాయి.

నెమలి పంచాయితీ పెట్టింది. "ఇకమీదట నా అనుమతి లేకుండా అరిస్తే, గట్టు విడిచి పోవాల్సిందే."

"గుడ్లు వదిలి ఎక్కడికి పోను మామా? మీరేమో గుట్ట మీదుంటారు. నేనొచ్చి అడిగేదాకా నక్క ఆగుతుందా?"

"చట్టంతోనే వాదిస్తావా పిల్లా?"

మర్నాడు మధ్యాహ్నం బాతులు కునుకు తీస్తుంటే నక్క పొంచి పొంచి వచ్చింది. తీతువు అనుమతి కోసం గుట్ట వైపు ఎగిరింది. సగం దూరం పోయి వెనక్కి చూస్తే, నక్క బాతుల మీద దూకబోతోంది. ఇక ఆగలేక అరిచేసింది. బాతులన్నీ దబదబా నీళ్లలో పడ్డాయి.

సాయంత్రం మళ్లీ పంచాయితీ.

"అనుమతి తీసుకున్నావా?" గద్దించింది నెమలి.

"లేదు. తీసుకునుంటే, నా మీద ఫిర్యాదు చేసినవాళ్లు ఈ పంచాయితీకి వచ్చేవాళ్లు కాదు."

"తప్పు ఒప్పుకుంది! తరిమేయండి!"

తీతువు నడుచుకుంటూ వెళ్లి తన గుడ్ల మీద కూర్చుంది. తరమడానికి ఒక్క బాతు కూడా లేవలేదు.